సున్నా బరువు

ఉదయం పది కాగానే ఇప్పటికీ చేతిలో పని ఆపి గడియారం చూస్తాను. జహనుమా బస్తీలోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రికి నేను రాసిన ప్రోగ్రాం ఆ వేళకే తల్లుల ఫోన్లకు సందేశాలు పంపుతుంది. మీ బిడ్డకు టీకా వేయించాల్సిన రోజు వచ్చింది, తీసుకురండి అని.

నేను బడికి పోలేదు. గౌలిపురలో మా ఇంట్లోనే, గేదెల పని అయ్యాక దొరికే గంటల్లో, నాన్న నాకు అక్షరాలూ లెక్కలూ నేర్పాడు. ప్రోగ్రాములు రాయడం మాత్రం ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చుని నేనే నేర్చుకున్నాను. పని మొదలుపెట్టే ముందు ఇప్పటికీ దానికి దండం పెట్టుకుంటాను. అన్నం పెట్టింది కదా.

చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చే పాలను అమ్మ మా పెద్ద క్యానులో ఊరికే పోయనిచ్చేది కాదు. ప్రతి గిన్నె నుంచీ ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని, అది జారే తీరు చూసి, వాసన చూసి, అప్పుడు తలూపేది. తొందరపడితే నన్ను కసిరేది. "పోసినంక మళ్ల ఎట్ల తీస్తవు బిడ్డా?"

ఆబ్జెక్టుల గురించి చదువుకున్నప్పుడు నాకు ఆ గోరే గుర్తొచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన ప్రతి శిశువుకూ మా ప్రోగ్రాంలో ఒక ఆబ్జెక్టు, వివరాల మూట లాంటిది, తయారవుతుంది. తల్లి పేరు, పుట్టిన తేదీ, బరువు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని తయారుచేసే భాగాన్ని కన్‌స్ట్రక్టర్ అంటారు. వచ్చిన వివరాలు సరైనవో కావో అక్కడే చూసుకోవాలి, కాకపోతే అక్కడే ఆపేయాలి. ఒకసారి ఆబ్జెక్టు తయారైందంటే మిగతా ప్రోగ్రాం అంతా దాన్ని నమ్మేస్తుంది. మళ్లీ అడగదు.

మొదట్లో నేను అలాగే రాశాను. బరువు గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోయేది కాదు. వారం తిరగకముందే రిసెప్షన్‌లో కూర్చునే సిస్టర్ ఫోన్ చేసింది. అక్కడ కాన్పుకు వచ్చేవాళ్లలో ముస్లిం ఇళ్లవాళ్లే ఎక్కువ. బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టగానే తండ్రి చేతికో తాత చేతికో ఇస్తారు. ఆయన బిడ్డ చెవిలో అజాన్, అంటే నమాజు పిలుపు, చెప్పాకే తూకానికి తెస్తారు. పెద్దాయన మసీదు నుంచి రావడం ఆలస్యమైతే ఫారం అక్కడే నిలిచిపోతోందట, బయట లొల్లి అవుతోందట.

నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. లోకంలోకి వచ్చిన ప్రాణి అన్నిటికంటే ముందు దేవుడి మాట వినడంలో తప్పేముంది? దానికి నా ప్రోగ్రాం అడ్డం రాకూడదనుకున్నాను. ఆ తనిఖీ తీసేశాను. బరువు ఇవ్వకపోతే సున్నా వేసుకో, తర్వాత దిద్దుతారు అని రాశాను. ఆ రోజు దీపం పెట్టేటప్పుడు మంచి పని చేశానన్న తృప్తి కూడా ఉండింది.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం సిస్టర్ మళ్లీ ఫోన్ చేసింది. ఒకసారి రమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఆటోలో వెళ్లాను. వరండాలో బెంచీ మీద, బురఖాలో ఒక అమ్మాయి ఫోను ఒళ్లో పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. సిస్టర్ నన్ను లోపలికి తీసుకెళ్లి మెల్లగా చెప్పింది. నెలన్నర కింద ఈమెకు కాన్పయింది. బిడ్డ కడుపులోనే పోయింది. తల్లి ఫారం పూర్తి కావాలంటే శిశువు ఫారం నింపక తప్పదు, నేనే అలా పెట్టాను. బరువు గడి దగ్గర సిస్టర్‌కు చేయి ఆడలేదు, వదిలేసింది. ఆ రోజు ఆ గడి ఖాళీగా ఉన్నది అజాన్ కోసం కాదు. నా ప్రోగ్రాంకు అది తెలియదు. ఖాళీని సున్నా చేసింది, ఒక శిశువును తయారుచేసింది, రోజులు లెక్కపెట్టింది, సరిగ్గా పది గంటలకు తల్లిని పిలిచింది. బిడ్డను తీసుకురమ్మని.

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. రాసింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె తన బిడ్డ కంప్యూటర్‌లో ఎక్కడుందో చూపమంది.

తెరిచాను. తల్లి పేరు, తేదీ, ఆడపిల్ల. బరువు దగ్గర సున్నా. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"ఇదేంది అక్కా?"

బరువు అన్నాను.

"సున్నా గాదు. నేను ఎత్తుకున్న గదా, నాకు తెల్వదా?" వేలు తీయలేదు. "ఇంట్ల అందరు ఫికర్ చెయ్యకు, మళ్ల పిల్లలయితరు అంటున్నరు. దాని మాటనే ఎత్తరు. మీరు గూడ సున్నా అంటే ఎట్ల?"

తీసేయమంటారా అని అడిగాను.

"తియ్యకుండ్రి. సరిగ్గ రాయుండ్రి. పిలుసుడు మాత్రం బంద్ చెయ్యుండ్రి."

సిస్టర్ కాన్పుల గదిలోని పుస్తకం తెచ్చింది. కాన్పు రోజే ఆయా బిడ్డను తూచి, అందులో పెన్సిల్‌తో రాసిపెట్టింది. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆమె చూస్తుండగా ఆ అంకెలు వేశాను. ఆమె తలూపి, ముఖం మీదికి నఖాబు దించుకుని వెళ్లిపోయింది. వచ్చి చెప్పినందుకు ఆమెకు నేను రుణపడ్డాను.

ఇంటికొచ్చి వెతికితే ఇంకా పదకొండు సున్నాలు కనిపించాయి. ఏ సున్నా వెనుక తాత ఒడిలో వెచ్చగా పడుకున్న బిడ్డ ఉందో, ఏ సున్నా వెనుక ఏడుపే వినిపించలేదో, తెర మీద చూస్తే తెలియదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కన్‌స్ట్రక్టర్‌ను తిరగరాశాను. ఇప్పుడు అది సున్నాను ఒప్పుకోదు. అజాన్ కోసం ఆగిన బిడ్డ వివరాలు పక్కన వేచి ఉంటాయి, తూకం అయ్యాకే ఆబ్జెక్టు తయారవుతుంది. కడుపులోనే పోయినవాళ్లకు వేరే క్లాసు, అంటే ఆబ్జెక్టుకు వేరే అచ్చు, రాశాను. అందులోనూ బరువు తప్పనిసరి. టీకా తేదీలు ఉండవు.

పుస్తకం ముందు పెట్టుకుని సిస్టరూ నేనూ ఆ పదకొండూ చూశాం. తొమ్మిది మంది బతికున్న పిల్లలు. ఇద్దరు కడుపులోనే పోయినవాళ్లు. వాళ్లలో ఒకరి తల్లికి సందేశం వచ్చే సోమవారం వెళ్లాల్సి ఉంది, ఆపగలిగాం. దేవుడు అంతవరకు దయ చూశాడు.

రెండో తల్లికి సందేశం మూడు వారాల కిందటే వెళ్లిపోయింది. ఆ తల్లి రాలేదు, ఫోన్ చేయలేదు. చేసి క్షమించమని అడుగుదామా అంది సిస్టర్. ఆసుపత్రి నంబరు మళ్లీ ఆమె ఫోన్‌లో మోగడం తలచుకుని వద్దన్నాను. అది సరైనదో కాదో నాకింకా తెలియదు.

ఆ బిడ్డ బరువు కూడా పుస్తకంలో దొరికింది. కిలో తొమ్మిది వందలు. వేశాను.