పన్నెండు రోజుల ఎండ

మా జిరాక్స్ కొట్టు పక్కనే ఇస్త్రీ బాబాయి బండి. బాబాయికి అక్షరం ముక్క రాదు. అయినా ఫోన్లో జనం పంపే బొమ్మల్ని ఆయన చదివినట్టు ఇంకెవరూ చదవలేరు. బొమ్మను బట్టి కాదు, పంపిన మనిషిని బట్టి అర్థం చెప్పేవాడు.

"వకీలు గారు బొటనవేలు పెట్టారంటే సరేనని కాదు, ఇక విసిగించకు అని," అనేవాడు. ఒకసారి టీచరమ్మ పగలబడి నవ్వే మొహాలు ఐదు పంపింది. మెచ్చుకుంటోందేమో అన్నాను.

"నవ్వొస్తే ఆవిడ ఒక్కటే పెడుతుంది అమ్మాయ్. ఐదు పెట్టిందంటే కాలర్ మాడ్చినట్టున్నాను."

నిజంగానే మాడింది. సాయంత్రం ఆవిడ వచ్చి మా ఇద్దరినీ కలిపి ఉతికి ఆరేసింది. మధ్యలో నేనేం చేశానో ఇప్పటికీ తెలీదు.

బస్సులో ఐదు గంటల దూరంలో బాబాయి అక్క ఉండేది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడకీ చదువు లేదు, పైగా చెవుడు, ఫోన్లో మాట వినబడదు. అందుకని రోజూ పొద్దున్నే ఒక బొమ్మ పంపేది. సూర్యుడైతే బాగున్నట్టు, మబ్బయితే మోకాలు నొప్పి, వానైతే పోయిన మొగుడు గుర్తొచ్చి ఏడ్చినట్టు. పనిలోకి దిగానని చెప్పడానికి బాబాయి చొక్కా బొమ్మ పంపేవాడు. వారంలో నాలుగు రోజులు మబ్బే వచ్చేది.

అలాంటిది, వరసగా సూర్యుడే రావడం మొదలైంది. నాలుగో రోజు బాబాయి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"మా అక్క మోకాలు సంగతి నాకు తెలీదా అమ్మాయ్? ఇన్నాళ్ళు ఎండ కాయదు. ఒకసారి వెళ్ళొస్తే?"

ఆ రోజు మిషన్ మొరాయించి నాకు ఒళ్ళు మండుతోంది. "మబ్బొస్తే బాధ, ఎండొస్తే అనుమానం. తగ్గిందని సంతోషించొచ్చుగా బాబాయ్," అని కసిరాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "అంతేలే," అని నవ్వాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పైగా రోజూ "ఇవాళా ఎండే" అని నాకు చూపించేవాడు.

పన్నెండో రోజు పొద్దున కూడా సూర్యుడే. మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, అమ్మకి అస్సలు బాలేదు, వెంటనే రా." ఆయన వెళ్ళేసరికి అక్క లేదు.

రెండు వారాల తర్వాత తిరిగొచ్చి చెప్పాడు. అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట. "వాడికి చెప్పకు, పని వదిలేసి పరిగెత్తుకొస్తాడు. రోజూ సూర్యుణ్ణి పెట్టు," అని ఆసుపత్రి మంచం మీంచే కూతురి చేత ఒట్టు వేయించుకుందట. కూతురు అలాగే పెట్టింది. ఫోన్ వెలిగిన ప్రతిసారీ అక్క "నమ్మాడా?" అని సైగ చేసేదట. చొక్కా బొమ్మ చూపిస్తే మొహం గోడవైపు తిప్పుకునేదట.

"నాలుగో రోజే సరిగ్గా చదివాను అమ్మాయ్," అన్నాడు బాబాయి, చొక్కా మడత పెడుతూ. "నువ్వు చెప్పిందే బాగుందనిపించింది. అప్పుడే వెళ్ళుంటే ఎనిమిది రోజులు పక్కన కూర్చునేవాణ్ణి."

నన్ను అంతకుమించి ఒక్క మాట అనలేదు. టీచరమ్మలా ఉతికి ఆరేసినా పడేదాన్ని.