స్విచ్ ఆపినా వెలిగిన బల్బు

స్విచ్ ఆపేసిన బల్బు మీ కళ్లముందే మిణుక్కుమంటే మీరు మొదట దేన్ని అనుమానిస్తారు? వైరునా, ఇంట్లో ఉన్న ఆడమనిషినా?

మూడేళ్ల కిందటి మాట. చింతామణిలో నాది ఎలక్ట్రికల్ రిపేరు అంగడి. శిడ్లఘట్ట దారిలోని ఒక పల్లె నుంచి నంజిరెడ్డి అనే పెద్దాయన వచ్చాడు. ఇంటి వెనక ఆయనకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. అప్పటికి ఏడాది ముందు కొడుకు పోయాడు. అప్పటినుంచి పురుగుల పనంతా కోడలు గంగరత్నదే.

"స్విచ్ ఆపినా షెడ్లో బల్బు కన్ను కొడతాండాదప్పా. మావాడే వచ్చి పెండ్లాన్ని పిలస్తాండాడని ఊరంతా అంటాండారు. నువ్వు చూసి కాదంటే సరి. లేకుంటే రేపే ఆ కోడలిపాపను బాగేపల్లికి, పుట్టింటికి పంపిచ్చేస్తా."

వెంటనే బయలుదేరాను. మిట్టమధ్యాహ్నమైనా కిటికీలకు గోనెపట్టలు కట్టడంవల్ల షెడ్డు మసకగా ఉంది. పైన ఎల్ఈడీ బల్బు తళుక్కుమని ఆరింది. పది లెక్కపెట్టేసరికి మళ్లీ తళుక్కుమంది. గంగరత్న పురుగుల మీద మల్బరీ ఆకు పరుస్తూ తలెత్తనేలేదు.

"భయం లేదామ్మా?" అన్నాను.

"ఏం భయమప్పా! ఆయప్ప బతికున్నన్నాళ్లూ ఆకు వేసేదానికి ఒక్కనాడన్నా ఈడికి రాలేదు. ఇప్పుడొస్తాడా?"

స్విచ్ పాడైందనుకుని కొత్తది వేశాను. బల్బు మిణుకుతూనే ఉంది. నా ధీమా కాస్త తగ్గింది. గంగరత్నను తోటలోకి పంపి చూశాను. తేడా లేదు. మెయిన్ ఆపాను. మిణుకు ఆగిపోయింది.

"ఏం రెడ్డప్పా, మీవాడు కరెంటోళ్ల మాట వింటాండాడే!" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. పోయింది ఆయన కొడుకు. ఆ ఎగతాళి నేను చేసి ఉండకూడదు.

మెయిన్ వేసి మీటరు పెట్టాను. స్విచ్ ఆపి ఉన్నా బల్బు వైరులో వంద వోల్టుల దాకా చూపించింది. వైరు వెంట నడిచాను. నేను మార్చిన ఆ స్విచ్ ఇంటి నడవలో ఉంది. అక్కణ్ణుంచి షెడ్డుకు రెండువందల అడుగుల పైపు. షెడ్లోని ఫ్యానుకు వెళ్లే కరెంటు వైరూ, బల్బు వైరూ అందులో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వైర్లు తగలకపోయినా, అంత పొడవునా పక్కపక్కనే ఉంటే కాస్తంత కరెంటు పక్కదానిలోకి చేరుతుంది. అది ఏసీ, అంటే సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు. బల్బు లోపలి రెక్టిఫైయర్ దాన్ని ఒకే దిక్కుకు పారే డీసీగా మారుస్తుంది. ఆ డీసీని కెపాసిటర్ అనే చిన్న డబ్బా కొంచెంకొంచెంగా దాచుకుంటుంది. మల్బరీ తోటలో డ్రిప్ గొట్టం కింద చెంబు పెడితే బొట్టుబొట్టుగా నిండినట్టే. డబ్బా నిండగానే బల్బు ఒక్కసారి వెలుగుతుంది, డబ్బా ఖాళీ అవుతుంది, మళ్లీ నింపుకుంటుంది.

"అది సరే. షెడ్లో బల్బుకు స్విచ్ ఇంట్లో యాల పెట్టినారు?" అని నంజిరెడ్డిని అడిగాను.

గంగరత్నే చెప్పింది. "ముండమోసిన చెయ్యి దీపం ముట్టిస్తే పురుగు నిలవదంటప్పా. అందుకే ఆయప్ప పోయినాక స్విచ్ ఇంట్లోకి మార్చినారు. మా అత్త వేస్తాది, మా అత్త ఆపుతాది."

"అది మార్చినాకే కదమ్మా బల్బు మిణకబట్టింది?"

"ఊ."

దయ్యాన్ని షెడ్డులోకి పిలిచింది ఆ స్త్రీ కాదు. ఆమె చేతిని నమ్మని ఆచారం. రోజూ వేల పురుగులకు ఆకు వేసే చెయ్యి స్విచ్ వేయడానికి పనికిరాదా? ఈ మాట ఆయన మొహంమీదే అడిగాను.

ఇంట్లోంచి వచ్చే బల్బు వైరు పీకేసి, ఫ్యాను వైరు నుంచే బల్బుకు కరెంటు తీసుకుని, షెడ్డు తలుపు పక్కనే, గంగరత్న చేతికి అందే ఎత్తులో స్విచ్ బిగించాను. ఆమె వేసింది, ఆపింది. ముగ్గురం నిలబడి చూశాం. పది, ఇరవై, వంద. బల్బు మళ్లీ మిణకలేదు.

"అయితే వాడు రానేలేదా?" అన్నాడు నంజిరెడ్డి, బల్బు వైపే చూస్తూ. ఊరి మాటకు జడిసిన ఆ ముసలాయన ఇన్నాళ్లూ లోలోపల దేనికి ఎదురుచూశాడో నాకప్పుడు తెలిసింది.

గంగరత్నే స్విచ్ వేసింది. "ఆకు తేండి మామా. నాలుగోసారి పొర ఇడిసి నిద్ర లేచిన పురుగులు, ఆకలిమీదుండాయి."

ఆయన గంప ఎత్తుకుని తోటలోకి నడిచాడు. బాగేపల్లి మాట మళ్లీ ఎత్తలేదు.

మీ ఇంట్లో ఏ స్విచ్చు, ఏ తాళంచెవి, ఏ దీపం ఒక ఆడమనిషి చేతికి అందకుండా పెట్టారో వెతకండి. ఈరోజే తీసి ఆమె చేతికి అందేచోట పెట్టండి.