ఎమ్మిగనూరు పెళ్లిలో మా తమ్ముడి క్లారినెట్టు

మా తమ్ముడు ఈరన్న బ్యాండు మేళంలో చేరతానని ఎమ్మిగనూరు పోయి ఏడాది దాటింది. అంతకు ముందు ఆదోనిలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను పత్తి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు కూలీని. వాడు పోయినప్పటి నుంచి రోజూ అలవాటుగా ఇద్దరికి సరిపడా బియ్యం కడగడం, తర్వాత నన్ను నేనే తిట్టుకోవడం. మొన్న వాడి దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది. "అన్నా, నేనిప్పుడు క్లారినెట్టు ఊదుతాండా. మాఘమాసం గదా, ఆదివారాలన్నీ పెళ్లిళ్లే" అని రాశాడు. అదే వారం మిల్లులో ఒక చోటు ఖాళీ అయింది. సోమవారం దాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని మేస్త్రీని బతిమాలాను. వాడి పాట వినాలి, విన్నాక వాడిని వెంట తెచ్చుకోవాలి. ఈ రెండు పనుల మీద ఆదివారం బయల్దేరాను.

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఆరున్నరకు కదులుతుంది. టికెట్టు మూడు రూపాయల లోపే, ప్రయాణం గంట. ఎక్కే ముందే బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినేయండి. పొద్దున పోయేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. నాకు మాత్రం కూర్చునే యోగం లేదు. ఒంటికాలి మీద నిలబడిన మమ్మల్ని చూసి కండక్టరు "లోపలికి జరగండప్పా, ఎనక ఖాళీగా ఉండాది" అని అరిచాడు. "యాడుండాది ఖాళీ? నీ సంచిలోనా?" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వుకుంటూనే టికెట్టు చింపి ఇచ్చాడు. దారి పొడవునా నల్లరేగడి, సగం ఏరిన పత్తిచేలు. మా మిల్లులో చెవులు పగలగొట్టే పత్తి చేలో ఇంత మౌనంగా ఉంటుందని ఆ రోజే గమనించాను.

ఎమ్మిగనూరులో దిగి టీ అంగడాయన్ని అడిగాను, ఈ రోజు మేళం యాడుందని. ఏ పెళ్లి ఏ వీధిలోనో ఆ అంగళ్లలో అందరికీ తెలుసు. "మగ్గాల వీధికి పో అన్నా. సెవులుంటే సాలు, దారి అదే సెప్తాది" అన్నాడు. పది నిమిషాలు నడిచాను. మగ్గాల చప్పుడు దాటగానే డోలు వినిపించింది, దాని మీద క్లారినెట్టు. ఎర్ర కోట్లు తొడుక్కుని, జరీ టోపీలు పెట్టుకున్న పన్నెండు మంది పెళ్లికొడుకు ముందు నడుస్తున్నారు. ముందు వరసలో మేళం మాస్టరు ఖాసీం సాబు, పక్కనే మా ఈరన్న. చిక్కిపోయాడు. కోటు వాడికంటే రెండు సైజులు పెద్దది. బుగ్గలు ఉబ్బించి, కళ్లు సగం మూసి ఊదుతున్నాడు. ఒక్కరైనా వాడి ముఖం చూస్తారేమోనని చుట్టూ చూశాను. అందరి కళ్లూ పెళ్లికొడుకు పూలదండ మీదే. ఒళ్లు మండింది.

అంతలో మాస్టరుకు దగ్గు వచ్చింది. ఆయన క్లారినెట్టు దించాడు. పాట ఆగిపోయింది, వట్టి డోలు మిగిలింది. మా వాడి బుగ్గలు మాత్రం ఉబ్బే ఉన్నాయి, వేళ్లు కదులుతూనే ఉన్నాయి. గొట్టంలోంచి చిన్న కూత కూడా రాలేదు.

భోజనాల వేళ మేళం వాళ్లను పందిరి వెనక, మగ్గాల కొట్టం గోడ నీడలో కూర్చోబెట్టారు. పంక్తులన్నీ లేచాకే వాళ్లకు విస్తరి. నన్ను చూసి ఈరన్న లేచి నిలబడ్డాడు.

"అన్నా! సెప్పకుండా వచ్చినావే?"

"సెప్పి వచ్చింటే గొట్టంలో గాలి వచ్చేదా? ఊదుతాండానని రాస్తివి గదరా దొంగనాయాలా!"

వాడు తల దించుకున్నాడు. "రాసినప్పుడు ఊదేది రాదన్నా. నువ్వు వచ్చేలోపల నేర్సుకుంటా అనుకుంటి."

ఖాసీం సాబు జోక్యం చేసుకున్నాడు. "ఏం భాయ్, మావాన్ని తిడ్తాండావు? పెండ్లోళ్లకు పన్నెండు టోపీలు కావాల. నాకు వాయించేటోళ్లు ఎనిమిది మందే, అందులో పాట ఊదేది నేనొక్కన్నే. మిగిలినోళ్ల క్లారినెట్లకు రీడు పెట్టను, అపస్వరం వస్తాదని." రీడు అంటే మూతి దగ్గర బిగించే పలచని వెదురు పేడు. అది లేకపోతే క్లారినెట్టు ఉత్త కట్టె.

"అయితే ఇప్పుడు పెట్టి ఊదమను. రాకపోతే ఇట్లే బస్సెక్కిస్తా. మిల్లులో పని ఉండాది, సోమవారం సేరాల" అన్నాను.

మాస్టరు తన క్లారినెట్టు అందుకున్నాడు. తన రీడు విప్పి, కోటుకు తుడిచి, వాడి చేతిలో పెట్టాడు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం రాస్తాను. వాడికి రాకూడదని కోరుకున్నాను.

మొదట కీచుమంది. డోలు కొట్టేవాళ్లు నవ్వారు. మళ్లీ ఊదాడు. పొద్దున ఊరేగింపులో మాస్టరు వాయించిన పాటే, మెల్లగా, గుడ్డిగా తడుముకుంటూ బయటికి వచ్చింది. ఏడాదిగా వేళ్లకు తెలిసిన దారి అది, ఊపిరికే కొత్త. నవ్విన డోలాయనే తొడ మీద తాళం వేయసాగాడు. పైస్థాయిలో ఊపిరి చాలక పాట తెగింది. వాడు ఆగి, కళ్లు తెరిచి, నా వైపు కాదు, ఖాసీం సాబు వైపు చూశాడు.

"పొట్టలోంచి తియ్ బేటా, గొంతులోంచి కాదు" అన్నాడాయన. వాడు మళ్లీ ఎత్తుకున్నాడు. నేను అక్కడే ఉన్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

ఆఖరి పంక్తిలో వాళ్లతోపాటే తిన్నాను. ఈరన్న తన వంతు తీపి ఓళిగ తీసి నా విస్తట్లో వేశాడు. నాలుగు గంటల బస్సు దగ్గర నిలబడి అడిగాడు. "సోమవారం రావాల్నా అన్నా?" నేను రమ్మంటానేమోనన్న భయం వాడి గొంతులో వినిపించింది. "వద్దులే. మేస్త్రీకి ఇంకొకన్ని సూసుకోమని సెప్తా" అన్నాను. బస్సెక్కి, అది కదిలేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు.

వాడిని తెచ్చుకోవాలనుకున్నది మిల్లు కోసం కాదని నాకు పొద్దున వచ్చే దారిలోనే తెలుసు. పక్క చాప మీద ఒక మనిషి అటూ ఇటూ పొర్లే చప్పుడు కోసం. ఆ చప్పుడు ఇంక రాదు. వాడికి కావలసిన చూపు మాస్టరు దగ్గర ఉంది, అది నేను ఇవ్వలేనిది. కోపం పోలేదు, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదంతే.

పోయేవాళ్లకు ఒక్క మాట. మీవాళ్లెవరైనా మేళంలో ఉంటే ఊరేగింపుకు పోకండి, భోజనాల వేళకు పోండి. పందిరి ముందు నిలబడకుండా నేరుగా వెనక్కి నడవండి. వస్తున్నట్టు పది రోజుల ముందు కార్డు రాయండి, పాపం, వాళ్లకు నేర్చుకోవడానికి కొంచెం సమయం ఉంటుంది.