అద్దంలో మొహానికి ఏ అక్షరం?

అల్లూరులో ఆ ఫొటో స్టూడియో బోర్డు మీద పేరు పీర్ సాహెబ్‌ది. దాన్ని నిలబెట్టింది మాత్రం అతని భార్య రషీదా. ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపుకు మగ ఫొటోగ్రాఫర్ పోకూడదు. అల్లూరు నుంచి కోట, చిట్టమూరు ఊళ్ల దాకా ఇరవై ఏళ్లుగా ఆ గదుల్లోకి కెమెరా పట్టుకుని పోయిన మనిషి ఆమె ఒక్కతే. చదివింది అయిదో తరగతి. పొగరు మాత్రం పట్టాలు పుచ్చుకున్నవాళ్లకు కూడా అంత ఉండదు.

ఆ పొగరు కాస్తా పోయిన నెల కోటలో ఒక పెళ్లిలో దిగిపోయింది. జల్వా అని ఒక వేడుక. పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ పక్కపక్కన కూర్చోబెట్టి, తలల మీద ఎర్ర దుప్పటా కప్పి, ఎదురుగా అద్దం పెడతారు. ఒకరినొకరు మొదటిసారి అందులోనే చూసుకోవాలి. మళ్లీ చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. రషీదా అలవాటు కొద్దీ ఫ్లాష్ కొట్టింది. ఆల్బం తెరిస్తే అద్దంలో మొహాలు లేవు, తెల్లటి మచ్చ ఉంది.

ఇప్పుడు సొంత ఊళ్లోనే ఫరీన్ అనే పిల్ల పెళ్లి. ఈ ఫొటో కూడా చెడితే ఇకమీద సెల్‌ఫోన్లతోనే కానిచ్చుకుంటామని ఫరీన్ నాయనమ్మ ఆయేషాబీ ముందే తేల్చి చెప్పింది. ఆమె మాట ఆ చుట్టుపక్కల శాసనం. అంటే రషీదా ఇక ఇంట్లో కూర్చోవలసిందే.

ఫ్లాష్ లేకుండా ఎట్లా తీయాలని నెల్లూరులో కెమెరాలు బాగుచేసే ఫ్రెడ్డీని అడిగింది. పైనున్న చక్రాన్ని ‘ఎ’ మీద పెట్టమన్నాడు. లోపలి కన్ను ఎంత తెరవాలో మనం చెబితే, ఎంతసేపు తెరిచి ఉంచాలో కెమెరా చూసుకుంటుందట. ఇంటికొస్తే మొగుడు కాదన్నాడు. ‘ఎస్’ మీద పెట్టి ఎంతసేపో మనం చెబితే, ఎంత తెరవాలో అది చూసుకుంటుందట. రషీదాకు ఇద్దరూ ఒక్క చొక్కానే చూపిస్తున్నట్టూ, ఒకరు తిరగేసి చూపిస్తున్నట్టూ అనిపించింది.

“చీకట్లో తీసేదానికి బాగా తెరవాల గదా. నీ ఎస్ ఎందుకయ్యా?”

“పిల్ల తల తిప్పితే మొహం చెదిరిపోదా? నీ చెయ్యి కూడా వణకతాది.”

“నా చెయ్యి వణకతాదో లేదో నీ వీపునడుగు.”

అడిగి లాభం లేదని, ఆయన్నే బీరువా అద్దం ముందు కూర్చోబెట్టి, దుప్పటి కప్పి తీసి చూసింది. ఎ మీద కన్ను బాగా తెరిస్తే అద్దం అంచున పూలు చక్కగా వచ్చాయి, అద్దంలో మొగుడు పొగలాగా వచ్చాడు. అద్దం ఇక్కడే ఉన్నా అందులో మొహం ఇంకా దూరంలో ఉన్నట్టేనని తెలిసేసరికి పొద్దు వాలింది. పోనీ కన్ను చిన్నది చేస్తే, తీయడానికి ఎక్కువసేపు పట్టి, ఆయన తుమ్మితే రెండు ముక్కులొచ్చాయి. ఎస్ మీద తక్కువసేపు పెడితే వెలుతురు చాలక అంతా బొగ్గు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పెళ్లినాడు ముప్పై మంది ఆడవాళ్లు మీద పడుతుండగా రషీదా వెనకనుంచి దుప్పటా కిందికి దూరింది. ఎస్ మీద రెండు తీసింది, నలుపు. ఎ మీదికి తిప్పింది, అద్దం అంచు మాత్రమే వచ్చింది. చెమట కళ్లలోకి కారింది.

ఇంతలో బతిమాలుడు మొదలైంది. పెళ్లికూతురు వెంటనే కళ్లు తెరవదు, మొగుడు అడుక్కోవాలి. అతను ఏమని అడుక్కుంటాడో విందామని అందరూ నోళ్లు మూసుకున్నారు. అంతమంది ఆడవాళ్లు ఒక్కసారి నోరు మూసుకోవడం అల్లూరు ఎన్నడూ ఎరగదు. ఫరీన్ బిగుసుకుని కూర్చుంది. అతను ఊపిరి బిగబట్టాడు. ఏదీ కదలలేదు. రషీదా తను చేస్తున్నది ఒప్పో తప్పో తెలియకుండానే ఎ మీదనే కన్ను చిన్నది చేసి, మోచేయి దిండుకు ఆనించి నొక్కింది. కెమెరా నిదానంగా మూసుకుంది. ఆ తరవాత ఫరీన్ కళ్లు తెరిచింది, గదంతా గొల్లున నవ్వింది. అప్పుడు తీసినవన్నీ చెదిరిపోయాయి.

మూడోరోజు ఆయేషాబీ ఆ ఒక్క ఫొటోనూ కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

“కళ్లు మూసుకోనుండాదే.”

“తెరిచినవి కదిలిపోయినాయి పెద్దమ్మా,” అంది రషీదా. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

“నా మనవరాలు మొగుడి చేత ఎంత బతిమాలించుకుందో ఇందులో ఉండాది. తెరిచినాక ఏముంది, సంసారమే గదా. గోడకు దీన్నే పెట్టిస్తా.” ఫొటో ఒళ్లో పెట్టుకుంది. “వచ్చే నెల చిట్టమూరులో నా చెల్లెలి మనవరాలి పెళ్లి. నువ్వే రావాల.”

రషీదా పైట సర్దుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది. “ఆ పిల్ల కూడా ఇంతసేపు కళ్లు మూసుకుంటాదా పెద్దమ్మా?”

“అదా? ఇంటర్ కాన్నించీ వాణ్ణే కావాలన్న పిల్ల. అద్దం పెట్టకముందే తెరిచి కూర్చుంటాది.”

వస్తానని మాటిచ్చి రషీదా వీధిలోకి వచ్చింది. కళ్లు తెరిచి నవ్వే పిల్లకు ఏ అక్షరమో ఫ్రెడ్డీని అడగాలా, మొగుణ్ణి అడగాలా తేలక, ఎండలో అట్లాగే నిలబడింది.