గ్యారేజీ పక్కకు జరిపిన గోడ

ఆరేళ్లుగా గాలి గట్టిగా వీస్తే నా గుండె దడదడలాడుతుంది. ఎందుకో నా భార్యకు కూడా ఇంకా తెలియదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో, మా కుటుంబానికి బాగా దగ్గరైన సుగుణక్క వాళ్ల రెండంతస్తుల చెక్క ఇంటికి డిజైన్ చేసింది నేనే. అలాంటి ఇల్లు గాలికి ఒరగకుండా కొన్ని గోడలకు ప్లైవుడ్ కొట్టి బిగిస్తాం. పై అంతస్తును తోసే గాలిని కూడా కింది గోడలే మోయాలి. అవి అన్ని వైపులా ఉండాలి. వెనక వైపు అలాంటి గోడ ఒకటి గీశాను. అక్కడ పెరడు కనిపించేలా పెద్ద గాజు తలుపు కావాలంది సుగుణక్క. సరేనని ఆ గోడను ముందువైపు, గ్యారేజీ పక్కకు జరిపాను. అలాంటి గోడల మొత్తం పొడవు తగ్గలేదు కదా అనుకున్నాను. ఒక వైపే గట్టిగా ఉంటే ఇల్లు మెలితిరుగుతుందని నాకు తెలియదా? తెలుసు. లెక్క మళ్లీ వేయాలి. రేపు వేద్దామనుకున్నాను. వేయకుండానే సంతకం పెట్టాను.

వాళ్లు ఇంట్లో చేరిన మొదటి చలికాలం సుగుణక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, గాలొస్తే పై బెడ్‌రూమ్ ఊగుతోంది. ఒకసారి వచ్చి చెక్ చేస్తావా?"

వింటూనే డ్రాయింగ్ తెరిచాను. తప్పు కనిపించింది. అయినా నా నోరు వేరే మాట చెప్పింది.

"చెక్క ఇళ్లు కొంచెం కదులుతాయక్కా. నార్మలే. డిజైన్ అంతా కరెక్ట్‌గానే ఉంది."

"నువ్వే చెప్పావంటే ఇంక టెన్షన్ లేదులే."

ఎందుకలా అన్నాను? లైసెన్స్ పోతుందనా, పరువు పోతుందనా? పైన ఇద్దరు పిల్లలు పడుకుంటారని మాత్రం నాకు అప్పుడే తెలుసు.

ఆ తర్వాత గాలి వీచినప్పుడల్లా ఆమె పిల్లల్ని కింద హాల్లో పడుకోబెట్టేదట. ఇంజనీరే ఓకే అన్నా ఈవిడకి ఇల్లు ఊగుతూనే ఉంటుందని వాళ్లాయన ఒక పుట్టినరోజు విందులో అందరిముందూ నవ్వాడు. నేనూ నవ్వాను. అవును, నవ్వాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోయిన నెల నా భార్య మాటల్లో చెప్పింది: సుగుణక్కకు కళ్లు తిరుగుతున్నాయట, చెవులకు, తలకు టెస్టులన్నీ చేయించుకుందట, భయపడి కారు నడపడం మానేసిందట. ఆమె నర్సు. బస్సులు సరిగా దొరకని ఆ శివారు నుంచి కారు లేకుండా డ్యూటీకి ఎలా వెళ్తుంది? సగం షిఫ్టులు వదులుకుందట. ఊగింది ఇల్లు. తన ఒంట్లోనే లోపముందని నమ్మింది ఆమె. నమ్మించింది నేను.

శనివారం వాళ్లింటికి వెళ్లి భార్యాభర్తలిద్దరి ముందూ చెప్పేశాను. వేరే ఇంజనీరుకు చూపించి వెంటనే సరిచేయిస్తానని, ఇంజనీర్ల లైసెన్స్ ఆఫీసుకు నా తప్పు గురించి నేనే రాస్తానని అన్నాను. వాళ్లాయన లేచి తలుపు తీసి నిలబడ్డాడు. సుగుణక్క నా వైపు చూడలేదు.

"అంటే నా తల బాగానే ఉంది," అంది నెమ్మదిగా, తనలో తనే.

క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. బయటికొచ్చి పేవ్‌మెంట్ మీద నిలబడ్డాను. లైసెన్స్ ఆఫీసుకు ఉత్తరం ఆ సాయంత్రమే రాశాను. దాని మొదటి వాక్యం ఇది: ఆ గోడను తప్పు చోట పెట్టింది నేనే, తెలిసీ దాచింది నేనే.