నాలుగు గీతల బ్రేకు

తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకు పడుకోబెట్టి వెళ్లిన మరుసటి వేసవిలో నన్ను పలాసకు బదిలీ చేశారు. రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా అదే నా చివరి పోస్టింగ్. కాగితాల మీద మా హోదా పేరు ఎంత పొడుగున్నా, జనం నోట్లో మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే. లైసెన్సు పరీక్ష పెట్టినా, లారీకి ఫిట్‌నెస్ ఇచ్చినా, ప్రమాదంలో నుజ్జయిన బండిని చూసి తప్పు యంత్రానిదా మనిషిదా అని పోలీసులకు రిపోర్టు రాసినా, పిలుపు మాత్రం అదే. మొదట్లో ఆ పిలుపంటే ఒళ్లు మండేది. ఇప్పుడు టెక్కలిలో ఇంటి అరుగు మీద కూర్చుని, హైవే మీద ఏ లారీ బ్రేకు కీచుమన్నా పేపరు పక్కన పెట్టి తలెత్తి చూస్తున్నాను. ఆ పని మీద నాకు ఇంకా బెంగగానే ఉంది, దాచుకోవడం దేనికి?

ఆ వేసవిలో ఒక ఉదయం, ఫిట్‌నెస్ కోసం నిలబడ్డ లారీల వరసలోకి ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి వచ్చి ఆగింది. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, నిలబడితే నా నడుం దాటని ఎత్తు. జీడిపిక్కల లోడు డ్రైవర్లు టీ గ్లాసులతో సహా దాని చుట్టూ మూగిపోయారు. దాన్ని నడిపి తెచ్చినవాడు కాశీబుగ్గ మెకానిక్ ధర్మారావు. అసలు యజమానులు వెనకాల వచ్చిన ఆటోలోంచి దిగారు. భర్త పేరు లోకనాథం, భార్య పేరు దమయంతి. బారువకు ఈవల సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. కొబ్బరి, జీడి తోటలున్న కుటుంబం. ఆమె ఆయనకు మేనమామ కూతురు కావడంతో అరవై దాటినా "బావా" అనే పిలిచేది.

ఆ కారును లోకనాథం గారు విశాఖలో ఒక ఓడల అధికారి దగ్గర కొన్నారట. బండికి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఇన్‌స్పెక్టరు కళ్లారా చూసి బాగుందని రాయాలి. దానికోసమే వచ్చారు. దాంతోపాటు ఇంకో కోరిక కూడా ఉంది. ఆ కాలపు మోడల్ కనక దానికి ఏబీఎస్ లేదు. దమయంతి గారు అది పెట్టించాలంటున్నారు. తయారీదారు ఇచ్చిన బండిని అలా మార్చాలంటే ముందుగా అనుమతి ఉండాలి. పైవాళ్లకు దాని మీద అభిప్రాయం రాయవలసింది నేనే.

"నాకేటీ అక్కర్లేదు సార్. బండి బంగారం. ఈవిడికే బయం," అన్నారు లోకనాథం గారు, కుర్చీలో కూర్చోకముందే.

"బయముండదేటి? గింగిరాలు తిరిగిపోనాది కదా, నువ్వు పక్కన లేవేటి?" అందావిడ.

నాలుగు మాటల్లో సంగతి ఇది. లోకనాథం గారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎందుకు, ఎలా అని ఎవరూ అడగరు, ఏ ఆస్పత్రి అని మాత్రమే అడుగుతారు. వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. సూది గుచ్చే చేత్తో స్టీరింగు తిప్పవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అందుకని ఆయనే ఆవిడకు డ్రైవింగ్ నేర్పి, లైసెన్సు ఇప్పించి, తాను ఎడమ సీట్లోకి జరిగారు. కోతలప్పుడు ఒకరోజు పలాస నుంచి తిరిగి వెళుతుంటే, మలుపులో రోడ్డు మీద ఎవరో వడ్లు ఆరబోశారు. వాటి మీదికి ఆవు వచ్చింది. ఆవిడ బ్రేకు నొక్కింది. బండి వెనక భాగం పక్కకు జారి, ఊరికి వెళ్లవలసిన కారు పలాస వైపు మొహం పెట్టి ఆగింది. ఆవుకూ మనుషులకూ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి దమయంతి గారు తాళం ముట్టుకోలేదు.

"దీని కాలు బరువు సార్. నొక్కమంటే తొక్కీత్తాది," అన్నారాయన నవ్వుతూ. ఆ మాట చుట్టాలందరి దగ్గరా చెప్పి చెప్పి అరగదీశారని ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది. నాకెందుకో ఆ నవ్వు నచ్చలేదు. ఆటోలో రావచ్చు కదా, ఈ బండే ఎందుకని కాస్త కటువుగానే అడిగాను.

ఆయన కిటికీలోంచి కారు వంక చూశారు. "ఆటోలో వత్తే ఆస్పత్రికి వత్తన్నట్టుంటాది సార్. ఇందులో వత్తే, సరదాగా బండేసుకుని బయల్దేరి, దార్లో ఆస్పత్రి కాడ ఆగినట్టుంటాది," అన్నారు. ఆ తర్వాత నేను కటువుగా మాట్లాడలేకపోయాను. ఆ సీట్లో ఆయన కూర్చోగలిగే రోజులు ఎన్నో లేవని ఆయనకు తెలుసు, ఆవిడకు తెలుసు, చూడగానే నాకూ తెలిసిపోయింది. ఆవిడ మళ్లీ తాళం పట్టుకోవాలంటే ఆ బ్రేకు మీద నమ్మకం కుదరాలి.

ఏబీఎస్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగడం ఆగిపోయే క్షణాన్ని కనిపెట్టి, పట్టు కాస్త వదిలి, వెంటనే మళ్లీ పట్టే ఏర్పాటు అది. మంచిదే, సందేహం లేదు. కానీ ప్రతి చక్రం దగ్గరా వేగం చెప్పే సెన్సరు కావాలి, వాటి మాట వినే కంప్యూటరు కావాలి, ఆ కంప్యూటరు ఆ బండి బరువుకూ టైర్లకూ తగ్గట్టు తయారై ఉండాలి. ధర్మారావు తెస్తానన్నది తుక్కు కింద విప్పిన వేరే కారు సామాను. ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి పెట్టినట్టే అది. వద్దని రాసి సంతకం పెడితే నా పని అయిపోయేది. అయితే రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఉన్న బ్రేకును పరీక్షించాలి కదా. అందరం ఆఫీసు వెనక ఖాళీ రోడ్డు మీదికి వెళ్లాం.

"ఇప్పుడు సూడండి సార్, నాలుగు గీతలూ గీసినట్టు పడతాయి," అన్నారు లోకనాథం గారు. ధర్మారావు వేగంగా వచ్చి బ్రేకు కొట్టాడు. నాలుగు టైర్లూ నాలుగు నల్లటి గీతలు లాగి బండి ఆగింది. లారీ డ్రైవర్లు ఈలలు వేశారు. "బ్రేకంటే అదీ! పట్టీసింది సూడు!" అన్నాడొకడు.

మా వైపు బ్రేకు పట్టింది అన్నా మెప్పే, పట్టేసింది అన్నా మెప్పే. నా వృత్తిలో ఆ రెండు మాటలకూ ఆమడ దూరం. పట్టడమంటే తిరిగే చక్రాన్ని నెమ్మదింపజేయడం. పట్టేయడమంటే చక్రం బిగుసుకుపోయి టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవడం. చక్రం తిరుగుతున్నంతసేపే బండి మన చెప్పుచేతల్లో ఉంటుంది. నేను టేపు తీసి గీతలు కొలిచాను. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న దూరం మినహాయించి చూసినా, వెనక గీతలు ముందు గీతలకన్నా తొందరగా మొదలయ్యాయి. అంటే వెనక చక్రాలే ముందుగా పట్టేస్తున్నాయి. ఏ కారునూ అలా తయారు చేయరు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక తేలికవుతుంది. తేలికైన చక్రం ముందుగా బిగుసుకుంటే బండి తోక తిప్పుతుంది.

బండిని తనిఖీ గుంట మీదికి ఎక్కించి, కిందికి దిగి టార్చి వేశాను. వెనక బ్రేకులకు వెళ్లే గొట్టంలో, ఆయిల్ ఒత్తిడి తగ్గించి పంపే చిన్న వాల్వు ఉండాలి. అది లేదు. దాని స్థానంలో మామూలు జాయింటు ఉంది. పైకి వచ్చి ధర్మారావును అడిగాను. వాడు లోకనాథం గారి వంక చూశాడు.

ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశారు. దానికి బొటనవేలంత ఇత్తడి ముక్క వేలాడుతోంది. మొదట అందం కోసం తగిలించుకున్నదేమో అనుకున్నాను. అదే ఆ వాల్వు!

"కొన్నప్పుడు ముందు రెండు గీతలే పడీవి సార్. వెనక్కి సగం బ్రేకే ఇచ్చినాడు, మోసం అనుకున్నాను. నేనే తీయించీసినాను," అన్నారు. నలుగురిలో నాలుగు గీతలు చూపించుకోవడానికి తయారీదారు పెట్టిన భద్రతను పీకి తాళాలకు కట్టుకున్న పెద్దమనిషి! నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ వడ్ల మీద బండి తిరిగింది ఆవిడ కాలి వల్ల కాదనీ, ఎవరు నొక్కినా తిరిగేదేననీ కొంచెం గట్టిగానే చెప్పాను.

దమయంతి గారు కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఎంతమందిలో అన్నావు బావా నన్ను," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన ఇత్తడి ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డారు. "నీ కాలు కాదే, నా బుర్ర," అన్నారు చివరికి. "అందరికీ ఫోన్లు సేసి సెప్తాన్లే."

"సెప్పకపోతే ఒగ్గుతానేటి?" అందావిడ, ముక్కు ఎగబీలుస్తూ.

ఏబీఎస్ వద్దని రాశాను. వాల్వు బిగించి, రబ్బరు గొట్టాలూ బ్రేకు ఆయిలూ మార్చి మళ్లీ తీసుకురమ్మని పంపాను. పాత వాల్వులో రబ్బరు ఎండిపోయింది గనక కొత్తదే వేయాలన్నాను. పాతది గుత్తికే ఉండిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు దమయంతి గారినే నడపమని, ఎడమ సీట్లో నేను కూర్చున్నాను. ఏబీఎస్ చేసే పనిని కాలితో ఎలా చేయాలో చెప్పాను. మా వైపు వదలడాన్ని ఒగ్గడమంటారు. పట్టు, చక్రం బిగుస్తోందనిపిస్తే ఒగ్గు, మళ్లీ పట్టు. యంత్రమంత చురుగ్గా మనిషి చేయలేడు, ఆ సంగతీ చెప్పాను. ఆవిడ రెండుమూడుసార్లలో కిటుకు పట్టుకుంది. ఆఖరిసారి కావాలనే గట్టిగా తొక్కించాను. ముందు రెండు గీతలే పడ్డాయి, బండి గీసినట్టు తిన్నగా ఆగింది. రోడ్డు పక్కన నిలబడ్డ లోకనాథం గారు వెనక గీతలు పడాల్సిన చోటు చాలాసేపు చూసి, "రెండే," అన్నారు దిగులుగా. ఆవిడ పకపకా నవ్వింది.

ఆ తర్వాత డయాలసిస్ రోజుల్లో ఆ ఎర్రబండి కాశీబుగ్గ సంతలోంచి టాపు మడుచుకుని వెళ్లడం చూసేవాణ్ణి. ఆయన ఎడమ సీట్లో దర్జాగా కూర్చుని, జంక్షను రాగానే కుడికాలితో కింద పరిచిన రబ్బరు పట్టాను నొక్కేవారు. అక్కడ పెడలంటూ ఏదీ లేదు. ఆయన కాలికి ఆ సంగతి తెలియదు. ఏ పని ఒత్తిడిలో ఉన్నా ఆ బండి వెళ్లేదాకా ఆఫీసు వరండాలో నిలబడేవాణ్ణి. ఇప్పుడు ఆ వరండా తలచుకుంటే ప్రాణం అటే లాగుతుంది.

నేను రిటైరై టెక్కలి వచ్చేశాక ఆయన పోయారు. ఆ కబురు ఆలస్యంగా తెలిసింది. మొన్న చలికాలంలో ఒకరోజు మా వీధిలోకి ఆ కారు వచ్చింది. దమయంతి గారు ఒక్కతే దిగింది. చేతిలో అదే గుత్తి, దానికి అదే ఇత్తడి ముక్క.

"ఇప్పుడైనా ఆ ఏబీఎస్ పెట్టించీమంటారా సార్? బండి తేడాగా ఉంటంది. మళ్లీ ఏదో తీసీసినట్టుంటంది," అంది.

వయసును తిట్టుకుంటూ బండి కింద దూరి చూశాను. వాల్వు ఉంది, గొట్టాలు బాగున్నాయి, ఎక్కడా చుక్క కారడం లేదు. అయినా నడపమని ఎడమ సీట్లో కూర్చున్నాను. మలుపు దగ్గర అలవాటుగా నా కుడికాలు కింద నొక్కింది. నొక్కిన చోట పట్టా అరిగి గుంత పడి ఉంది. నా మడమ సరిగ్గా అందులో దిగింది. ఆవిడ అవసరమైనంతే పట్టి, ఒగ్గి, మళ్లీ పట్టి మలుపు తిప్పింది. ఇంటి ముందు ఆపింది.

"బ్రేకుల్లో ఏ లోపమూ లేదమ్మా. ఇందులోంచి ఎవరూ ఏమీ తీయలేదు," అన్నాను.

ఆవిడ నా కాలి కింది పట్టా వంక చూసింది. "ఎందుకు తీయనేదు సార్," అంది.

పాత బండికి కొత్త పరికరం కావాలని ఎవరైనా వస్తే, పెట్టాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ముందు అందులోంచి పోయినదేమిటో చూడాలి. దొరికేదైతే తెచ్చి బిగించాలి. దొరకనిదైతే, ఏ పరికరమూ దాని పని చేయదని చెప్పి పంపించాలి.