మా బావ దాచిన దొరల ఉత్తరాలు

మా సింహాచలం బావను ఎగతాళి చేసే హక్కు బిలాస్‌పూర్ మొత్తంలో నా ఒక్కడికే ఉంది. మా అక్కను ఇచ్చుకున్నవాళ్ళం కనుక ఆ హక్కు మాకు పెళ్ళిపందిట్లోనే దఖలు పడింది. ఇంకెవడైనా ఆయన్ను చూసి "చిట్ఠీవాలా బాబు" అని, ఉత్తరాల బాబని పళ్ళికిలిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మా లోకో షెడ్డులో ఒకడు ఆ మాట అన్నాడని వాడితో చాలా కాలం టీ తాగడం మానేశాను.

బావ స్టేషన్లో పార్సెల్ క్లర్కు. పొట్టి మనిషి, బట్టతల, వేళ్ళకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది. పేకాట తెలీదు, సారా తెలీదు, యూనియన్ ఎలక్షన్లలో కూడా ఎవరి వైపూ అరవడు. ఉన్నది ఒక్కటే పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలిటరీ ఆఫీసర్లు తమ చేత్తో రాసిన ఉత్తరాలు పోగుచేస్తాడు. ఎవరి పిచ్చి వారికానందం అంటారు గానీ, ఈ పిచ్చిలో ఆయనకు ఆనందం ఉందని నేను ఒట్టేసి చెప్పలేను.

ఆ ఉత్తరాలు దొరికే దారి కూడా పార్సెల్ ఆఫీసులోంచే. మా రైల్వే కాలనీ పెద్ద బంగళాల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. యుద్ధం వచ్చినప్పుడు ఆ ఇళ్ళలోని మగవాళ్ళలో కొందరికి ఆఫీసరు హోదా ఇచ్చి, మిలిటరీ రైళ్ళు నడపడానికి ఇరాక్ అనీ బర్మా అనీ పంపారు. వాళ్ళు అక్కణ్ణుంచి ఇళ్ళకు రాసుకున్నారు. ఎనభైల్లోకి వచ్చేసరికి ఆ కుటుంబాలు ఒక్కొక్కటే ఊరు ఖాళీ చేస్తున్నాయి. బీరువాలైనా, పియానోలైనా మా బావ కాటా ఎక్కాల్సిందే. ఆయన తూకం వేసి, చీటీ అంటించి, రసీదు చేతికిచ్చి, అప్పుడు గొంతు సవరించుకుని తన ఇంగ్లీషులో అడిగేవాడు.

"ఓల్డ్ లెటర్స్, సర్? వార్ టైమ్? ఆఫీసర్ హ్యాండ్‌రైటింగ్?"

కొందరు నవ్వేవాళ్ళు, కొందరు కసిరేవాళ్ళు. కొందరు మాత్రం ఇవి మోసుకుపోవడం ఎందుకని ఒక కట్ట తీసి ఇచ్చేసేవాళ్ళు. ఇవ్వనివాళ్ళవి ఆఖరికి బుధవారీ బజారులో పాత కాగితాలు కొనే రద్దీ కొట్లో తేలేవి. ఆ కొట్టువాడు బావ కోసం పక్కన పెట్టి ఉంచేవాడు.

ఆయనకు అసలైనవే కావాలి. నెహ్రూ నగర్‌లో శ్రీనివాసరావు గారని ఒక బ్యాంకు ఆఫీసరు పాత స్టాంపులు సేకరిస్తుండేవాడు. ఆయన ఒకసారి ప్రేమకొద్దీ ఎవరో కర్నలు రాసిన ఉత్తరానికి జిరాక్సు తీయించి తెచ్చాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

శ్రీనివాసరావు గారు వెళ్ళాక, "అదేటి బావా, అందులోనూ అవే మాటలు గదా?" అన్నాను.

"మాటలున్నాయిరా గోవిందూ. మనిషి సెయ్యి లేదు" అన్నాడు.

ఇంట్లో ఉన్న ఒక్క మంచి ట్రంకుపెట్టె ఆ ఉత్తరాలకే. పురుగు పట్టకుండా వేపాకు, చెమ్మ తగలకుండా అడుగున పాత దుప్పటి. మా అక్క పైడితల్లి పెళ్ళి పట్టుచీర మాత్రం గోనెగుడ్డ చుట్టుకుని అటక మీద ఉండేది. "దొరలు పెట్టిలోన, నాను అటక మీద" అని అక్క వచ్చిన చుట్టానికల్లా చెప్పుకునేది. బావ వినిపించుకునేవాడు కాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ ఉత్తరాలు నేర్పిందే. వారమంతా కుస్తీ పట్టి ఒక ఉత్తరం పూర్తిచేస్తే అందులో ఏముండేదయ్యా అంటే, ఈగలు ఎక్కువ, టీలో ఇసక పడుతోంది, మీరు పంపిన కేకు చేరేసరికి బూజు పట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

"మీ దొరగారి కేకు బాగుందా బావా?" అని అడిగితే, ఆయన నవ్వి ఊరుకునేవాడు. నవ్వినప్పుడు ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా ఉంటుంది. అందుకే అడిగేవాణ్ణి.

ఇంత తాపత్రయం ఎవరి కోసమంటే, వాళ్ళ అయ్య కోసం. పేరు అప్పలస్వామి. చీపురుపల్లి వైపునుంచి వచ్చి ఇక్కడి షెడ్డులో బొగ్గు ఇంజను ఫైర్‌మన్‌గా కుదిరాడు. యుద్ధంలో ఆయన్నీ ఇరాక్‌లోని బస్రా పంపారు. బావ అప్పటికి చంటివాడు. అప్పలస్వామికి రాయడం రాదు, కాబట్టి ఆయన్నుంచి ఉత్తరం ముక్క లేదు. నలభై మూడులో ఒకనాడు ఇంగ్లీషు ఉత్తరం ఒకటి వచ్చింది. ఆయన పైనున్న కేప్టెను రాశాడు. పక్క క్వార్టర్లోని గార్డుబాబు గుమ్మం దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టి, అప్పలస్వామి జ్వరంతో పోయాడని మొదటి ముక్క చెప్పాడు. అంతే. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరం ఇంట్లో ఉండకూడదని మనవాళ్ళ పట్టింపు. చదివిన చోటే చింపి, బయట పారేసి, తలమీద నీళ్ళు పోసుకోవాలి. బావ వాళ్ళ నాయనమ్మ ఆ కాగితం లాక్కుని, ముక్కలు చేసి మురిక్కాలవలో పడేసిందని మా వాళ్ళందరూ చెప్పుకుంటారు. చదవాల్సింది ఇంకా పేజీన్నర ఉందట. తరవాత పింఛను కాగితాలు వచ్చాయి గానీ, వాటిలో పేరు, తారీఖు, జబ్బు తప్ప మరేమీ లేదు.

బావ వెతుకుతున్నది ఆ పేజీన్నరనే. కాలవలో కొట్టుకుపోయింది తిరిగి రాదని ఆయనకు తెలియకపోలేదు. కానీ ఆ కేప్టెనో, ఆయన పక్కనున్న ఇంకో ఆఫీసరో తన ఇంటికి రాసుకుంటూ, మా ఫైర్‌మన్ ఒకడు పోయాడని ఒక వాక్యం రాసి ఉండకూడదా? మనవాళ్ళు రాయలేదు, రాసినవాళ్ళు ఆఫీసర్లు. మనవాళ్ళ ఊసంటూ ఉంటే అక్కడే ఉండాలి. ఇదీ ఆయన లెక్క. తప్పు లెక్క అని చెప్పడానికి నాకు ఎన్నడూ నోరు రాలేదు.

వాళ్ళమ్మ అప్పయమ్మ అత్త ఆ ఇంట్లోనే ఉండేది. కొత్త ఉత్తరం వచ్చినప్పుడల్లా, బావ చదవడం పూర్తిచేసేదాకా ఓపిక పట్టి, అప్పుడు అడిగేది.

"ఏటి నాయినా, మీ అయ్య ఊసేటైనా రాసేడా?"

"నేదమ్మా."

"పోన్లే."

ఏళ్ళ తరబడి ఇదే మాట, ఇదే జవాబు. ఒకసారి దసరాకు రతన్‌పూర్ మహామాయ గుడికి బస్సులో వెళ్తుంటే, నా పక్కన కూర్చుని ఉన్నట్టుండి చెప్పింది. "జొరంలో మడిసికి దాహం ఎక్కువ గోయిందా. ఆకర్న మీ మావ నోట్లో నీల్లు ఎవులైనా పోసేరో నేదో. నాకింకేటీ అక్కర్నేదు. అదొక్కటి తెలిస్తే సాలు." ఆ తరవాత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను అమ్మవారిని నా ప్రమోషను అడుగుదామని బయల్దేరి, ఆ రోజు అది అడగడం మరిచిపోయాను.

ఎనభై ఎనిమిది చలికాలంలో ఫిలిప్స్ మేడమ్ ఊరు ఖాళీ చేసింది. పెళ్ళి చేసుకోకుండా పిల్లలకు పాఠాలు చెబుతూ ముసలైపోయిన మనిషి. ఖరగ్‌పూర్‌లో చెల్లెలి దగ్గరికి పోతోంది. బావ సామాను తూచి, మామూలుగానే అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆయన్నే చూసి, హ్యాండ్‌బ్యాగులోంచి బైబిలు తీసి, అందులోంచి ఒక కాగితం తీసింది. ఆవిడ అన్న బర్మా సరిహద్దులో రైలు నడుపుతూ పోయాడట. ఆయన పైనున్న మేజరు వాళ్ళమ్మకు స్వయంగా రాసిన ఉత్తరం అది. అమ్మ ఉన్నన్నాళ్ళూ రోజూ చదువుకునేదని, నా తరవాత చదివేవాళ్ళు లేరని, మీరు చదువుతారు కదూ అని ఆవిడ హిందీలో చెప్పి, ఆయన చేతిలో పెట్టి రైలెక్కింది.

అప్పటిదాకా బావ పెట్టెలో ఉన్నవన్నీ బతికి ఉన్నవాళ్ళు తమ ఇళ్ళకు రాసుకున్నవే. చావు కబురు చెప్పే ఉత్తరం ఆయన చేతికి రావడం అదే మొదలు. ఆ సాయంత్రం తిన్నగా షెడ్డుకు వచ్చాడు. నా చేతులకు గ్రీజు ఉందని కూడా చూడకుండా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇలగే రాస్తార్రా గోవిందూ. మా అయ్య గురించీ ఇలగే రాసుంటాడు" అన్నాడు.

మరి ఇంటికి తీసుకెళ్ళడమెలా? సంగతి చెవిన పడగానే అక్క నిప్పులు చెరిగింది. "సావుత్తరం గడప దాటి లోనికొస్తే నాను పుట్టింటికెల్పోతాను" అంది. పుట్టిల్లంటే నా క్వార్టరే, రెండు లైన్ల అవతల. అయినా అక్క మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆ పట్టింపులోనే మేమందరం పెరిగాం. బావకూ లోపల భయమే. దానికి తోడు, ఇది వింటే తల్లి ముసలిప్రాణం ఏమైపోతుందోనని దిగులు. ఆ ఉత్తరాన్ని పార్సెల్ ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశాడు. అన్నం సరిగా తినడం మానేశాడు. నాకు కోపం వచ్చింది.

"బతుకంతా ఎతికి ఎతికి, దొరికాక సొరుగులో పెట్టుకున్నావా బావా? దానికన్నా రద్దీ కొట్లోనే ఉండాల్సింది" అని కేకలేశాను.

రైల్వే క్వార్టర్ల గోడలు ఏపాటివో, మా అక్క గొంతు ఎలాంటిదో తెలిసినవాళ్ళకు తరవాతి సంగతి చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి అప్పయమ్మ అత్త బయట నులకమంచం వేయించుకుని, ముందు సిగిడీ, అదే బొగ్గుల కుంపటి, పెట్టుకుని కూర్చుని ఉంది.

"గోయిందా, ఆడ్ని ఆ ఉత్తరం తెమ్మను. లోనకొద్దు. ఇక్కడే సదవమను" అంది.

బావ ఆఫీసుకు వెళ్ళి తెచ్చాడు. మెట్టు మీద కూర్చుని, ఇంగ్లీషులో ఒక్కో వాక్యం తనలో చదువుకుని, తెలుగులో పైకి చెప్పాడు. మీ అబ్బాయి నా దగ్గర పనిచేసినంత కాలం ఎవరితోనూ మాట పడలేదు. సాయంత్రాలు మౌతార్గాన్ వాయించేవాడు, మేమంతా వినేవాళ్ళం. దెబ్బ తగిలాక రెండు గంటలు ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు అడిగాడు. నా సీసాలోంచి నా చేత్తోనే పోశాను. తాగి, నిద్రపోయినట్టు పోయాడు. అతను ఒంటరిగా పోలేదని మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

అత్త చెయ్యి ఎత్తింది.

"నీల్లు పోసిన కాడ ఇంకోపాలి సదువు."

చదివాడు. ఇంకోసారి అంది. మళ్ళీ చదివాడు.

"అమ్మా, ఇది ఫిలిప్స్ మేడమ్ అన్నగారి గురించి. మన అయ్య కాదు" అన్నాడు, ఆమె పొరబడుతుందేమోనని.

"ఎరుగుదున్రా. ఈ దొర ఈ బాబుకి పోసేడంటే, ఆ దొర మీ అయ్యకీ పోసుంటాడు. లేపోతే అంత పొడుగుత్తరం ఏల రాత్తాడు?" అంది. ఆ మాట అంటుంటే ఆమె మొహం తేటపడడం నేను కళ్ళారా చూశాను. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తరవాత, "ఇటియ్యి" అని చెయ్యి చాపింది.

అక్క అప్పటికే బకెట్టుతో నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టింది. చదవడం అయింది, ఇక చింపడం, తలమీద నీళ్ళు పోసుకోవడం. ఎదురుగా సిగిడీ మండుతోంది. అసలైనది కాదని జిరాక్సును తిప్పికొట్టిన మనిషి, తన దగ్గరున్న వాటన్నిట్లోకీ అసలైన ఆ ఉత్తరాన్ని తల్లి చేతిలో పెట్టాడు. వద్దందామని నేను లేచి నిలబడ్డాను. బావ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

అత్తకు ఏ భాషా చదవడం రాదు. సిరా ఉన్న వైపు బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది.

"ఆ ఉత్తరం సింపింది మీ నాయినమ్మ కాదురా" అంది. "నాను. ఇంకా ఉంది తల్లీ, ఇనమని గార్డుబాబు అంటానే ఉన్నాడు. నానే ఇన్నేదు. నువ్వొక్కో ఉత్తరం అట్టుకొచ్చినప్పుడల్లా సెప్పాలనే అనుకునీదాన్ని."

బావ ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. "పోన్లే అమ్మా" అన్నాడు.

ఆమె ఆ కాగితాన్ని పాత మడతల వెంబడే మడిచింది. మంచం పట్టె పట్టుకుని లేచి, ఉత్తరం చేత్తో పట్టుకునే గుమ్మం వైపు నడిచింది. అక్క బకెట్టు పక్కకు జరిపి దారి ఇచ్చింది. అత్త గడప దాటి లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఒరే సింహాచలం, నీ పెట్టి తాళం ఏదిరా?"